మైనరు, గార్డియను, భూమి

కొవ్వూరు, నిడదవోలు, పోలవరం ప్రాంతాల్లో భూమి చేతులు మారేటప్పుడు, వాటాదారుల్లో 18 ఏళ్లు నిండని పిల్లలెవరైనా ఉంటే, ఆ పిల్లల పేరు, వయస్సు వేసి, మైనరు గనుక తల్లియు గార్డియనును అయిన ఫలానా వారు అంటూ పెద్దల పేరు చేర్చడం దస్తావేజు లేఖరులకు కంఠస్థమైన పద్ధతి. మైనరు అంటే సొంతంగా ఒప్పందం చేసుకోగల వయస్సు రాలేదని చట్టం భావించే వ్యక్తి. గార్డియను, అనగా సంరక్షకుడు లేదా సంరక్షకురాలు, ఆ వ్యక్తి శరీరానికి గాని, ఆస్తికి గాని, రెండింటికీ గాని బాధ్యత వహించే పెద్ద. శరీర సంరక్షణ అన్న మాటలో తిండి, బట్ట, చదువు, వైద్యం, నివాసం ఇమిడి ఉంటాయి, ఒకప్పుడు పెళ్లి కూడా ఉండేది. ఆస్తి సంరక్షణలో సాగు, కౌలు, అప్పు, అమ్మకం, జమాఖర్చు వస్తాయి. సంరక్షకుడు ఎవరి మేలు కోసం ఉన్నాడు, ఎవరికి లెక్క చెప్పాలి అన్న ప్రశ్నల చుట్టూ శతాబ్దాల చరిత్ర అల్లుకొని ఉంది. ఆ చరిత్ర తొలి పుటల్లో బిడ్డ కంటే ముందు భూమే కనిపిస్తుంది.

మధ్యయుగపు ఇంగ్లండులో రాజు తన ప్రభువులకు, ప్రభువులు తమ కింది వారికి, యుద్ధం వచ్చినప్పుడు ఆయుధం పట్టి నిలవాలన్న షరతు మీద భూమి ఇచ్చేవారు. సేవకు బదులుగా భూమి అనుభవించే ఈ ఏర్పాటునే భూస్వామ్య వ్యవస్థ అంటారు. భూమి పొందినవాడు చనిపోయి, వారసుడు పసివాడైతే, సేవ చేసేవాడు లేడు గనుక, ఆ పిల్లవానికి 21 ఏళ్లు నిండేదాకా పైప్రభువు ఆ భూమిని తన స్వాధీనంలో ఉంచుకొని, ఫలసాయం తానే అనుభవించి, పిల్లవాణ్ని కూడా తన అధీనంలోనే పెంచేవాడు. తిండి, బట్ట పోను మిగిలిన ఫలసాయానికి లెక్క చెప్పవలసిన పని అతనికి లేదు. బరువైన కవచం ధరించి గుర్రం మీద పోరాడగల వయస్సు 21 అని లెక్కించడం వల్లనే ఆ అంకె ఏర్పడింది. పిల్లవాని పెళ్లి నిర్ణయించే హక్కు కూడా ప్రభువుదే. ప్రభువు చూపిన సంబంధం కాదంటే వారసుడు ఆ పెళ్లి విలువను రొక్కంగా చెల్లించుకోవాలి. ఇలాంటి సంరక్షణ హక్కులను ప్రభువులు ఇతరులకు అమ్మేవారు, కొన్నవారు మళ్లీ అమ్ముకునేవారు, తల్లి బతికి ఉన్నా ఆమె మాటకు విలువ ఉండేది కాదు.

ఈ దోపిడీ ఎంత ముదిరిందో 1215 నాటి మాగ్నా కార్టా చూస్తే తెలుస్తుంది. రాజు అధికారాన్ని కట్టడి చేసిన ఆ ప్రసిద్ధ పత్రంలో మొదటి కొన్ని నిబంధనల్లోనే, మైనరు భూమిని చూసేవారు న్యాయమైన రాబడి మాత్రమే తీసుకోవాలని, ఇళ్లు, చేపల చెరువులు, మరలు పాడుపెట్టకూడదని, వారసుడు పెద్దవాడయ్యేనాటికి నాగళ్లతో సహా భూమిని సాగుకు సిద్ధంగా అప్పగించాలని రాసుకున్నారు. అయినా రాజులు ఈ రాబడిని వదులుకోలేదు. 1540లో ఎనిమిదో హెన్రీ దీనికోసం కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అనే ప్రత్యేక న్యాయస్థానాన్నే నెలకొల్పాడు. వార్డు అంటే సంరక్షణలో ఉన్న బిడ్డ. అంతర్యుద్ధం నడుమ 1646లో మూతబడిన ఆ న్యాయస్థానాన్ని 1660లో చట్టం పూర్తిగా రద్దుచేసి, రాజుకు పోయిన రాబడికి పరిహారంగా బీరు వంటి పానీయాల మీద సుంకం విధించి, తన తదనంతరం పిల్లలకు సంరక్షకుణ్ని నియమించే అధికారాన్ని తండ్రికి అప్పగించింది. ప్రభువు చేతిలోని హక్కు తండ్రి చేతికి వచ్చిందే గాని, తల్లి ఊసు అప్పుడూ లేదు.

అదే దేశంలో, అదే కాలంలో, కత్తితో పని లేకుండా సాగు మీద ఆధారపడిన భూములకు వేరొక నియమం ఉండేది. అక్కడ మైనరు సంరక్షణ ఆ భూమికి వారసుడయ్యే అవకాశం ఏ మాత్రం లేని దగ్గరి బంధువుకు దక్కేది. అంటే భూమి తండ్రి వైపు నుంచి వస్తే సంరక్షణ తల్లి వైపు వారిది. బిడ్డ చనిపోతే లాభపడేవాని చేతిలో బిడ్డను పెట్టకూడదన్న సాధారణ వివేకం ఇందులో ఉంది. ఆ సంరక్షకుడు బిడ్డకు 14 ఏళ్లు వచ్చాక పైసా పైసాకు లెక్క చెప్పాలి. నేటి సంరక్షణ చట్టంలో మెచ్చదగిన అంశాలు ఏవైనా ఉంటే, వాటి పోలిక ప్రభువుల కోటల్లో గాక ఈ రైతుల నియమంలోనే వెతకాలి.

తెలుగు నేల మీద ఈ ఆలోచన కొత్తది కాదు. తండ్రి లేని బాలుని ఆస్తిని అతడు పెద్దవాడయ్యేదాకా రాజు కాపాడాలని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం విధించింది. బాలుని ద్రవ్యాన్ని గ్రామ వృద్ధులు వృద్ధి చేసి అప్పగించాలని కౌటిల్యుని అర్థశాస్త్రం చెప్పింది. శాస్త్రం ఇలా ఉన్నా, రాజ్యాల విషయంలో సంరక్షణ అధికారానికి మెట్టుగా మారిన సందర్భం కొవ్వూరుకు ఎదుటి గట్టునే కనిపిస్తుంది. 15వ శతాబ్ది ఆరంభంలో రాజమహేంద్రవరాన్ని ఏలిన కాటయ వేమారెడ్డి మరణించాక, ఆయన కుమార్తె అనితల్లి పక్షాన అల్లాడరెడ్డి నిలిచి, శత్రువులను ఎదిరించి రాజ్యాన్ని కాపాడాడు. అనితల్లి అల్లాడరెడ్డి కుమారుడు వీరభద్రారెడ్డికి భార్య కావడంతో సింహాసనం అల్లాడరెడ్డి వంశానికి చేరింది. 1423 నాటి కలువచేరు శాసనం అనితల్లి పేర వెలసింది. శ్రీనాథుడు కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. అల్లాడరెడ్డి స్వామిభక్తిని శంకించడానికి ఆధారమేమీ లేదు. కాని సంరక్షకుని ఇంటికే వారసురాలు కోడలు కావడం, ఆమెతో పాటు రాజ్యమూ రావడం ఇంగ్లండు ప్రభువులకు బాగా తెలిసిన మార్గమే.

ఇక 1660లో ఇంగ్లండులో అంతరించిన కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అనే పేరు 1804లో మద్రాసులో మళ్లీ పుట్టింది. 1802లో ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల్లో శాశ్వత పరిష్కారం, అనగా జమీందారు ఏటా కట్టవలసిన పేష్కషును శాశ్వతంగా నిర్ణయించే ఏర్పాటు, ప్రవేశపెట్టింది. పేష్కషు బాకీ పడితే జమీందారీ వేలానికి వచ్చేది. జమీందారు మరణించి వారసుడు పాలు తాగే బిడ్డ అయితే, దివాన్లు, దాయాదులు, అప్పులవాళ్లు చుట్టూ చేరి ఎస్టేటును తినివేయడం, కంచే చేను మేయడం, తరచుగా జరిగేది. 1804 నాటి ఐదవ రెగ్యులేషను ప్రకారం మైనర్లను, మతిస్థిమితం లేనివారిని, నిర్వహణకు అసమర్థులని తేల్చిన స్త్రీలను అనర్హ భూస్వాములుగా పరిగణించి, వారి ఎస్టేట్లను రెవెన్యూ బోర్డు తన చేతిలోకి తీసుకునేది. ఆ హోదాలో బోర్డుకు కోర్టు ఆఫ్ వార్డ్సు అని పేరు, జిల్లాలో దాని పక్షాన పనిచేసేవాడు కలెక్టరు. 1902లో మద్రాసు ప్రభుత్వం దీని స్థానంలో సమగ్రమైన చట్టం చేసింది. రాజు లాభం కోసం కాక ఎస్టేటు క్షేమం కోసం లెక్కలతో నడిచే సంస్థ గనుక పాత ఇంగ్లండు న్యాయస్థానం కంటే ఇది ఎంతో మెరుగు. అయినా కంపెనీకి ముఖ్యం పేష్కషు, బిడ్డ క్షేమం దాని వెంట నడిచింది అన్న మాట దాచవలసినది కాదు. జమీందారు కొడుక్కి దొరికిన ఈ రక్షణ అయిదెకరాల రైతు కొడుక్కి ఏ రోజూ దొరకలేదు.

గోదావరి ప్రాంతంలో ఈ సంస్థ పనిని దగ్గరగా చూడాలంటే పిఠాపురం చూడాలి. పిఠాపురం రాజా గంగాధర రామారావు సంతానం లేక 1873లో వెంకటగిరి వంశం నుంచి ఒక బాలుణ్ని దత్తత తీసుకున్నారు. ఆ తరువాత 1885 అక్టోబరు 5న రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు జన్మించారు. రాజావారు జమీందారీని సూర్యారావుకు చెందేలా వీలునామా రాసి 1890లో మరణించగా, ఆ పసిబాలుని పక్షాన ఎస్టేటును కోర్టు ఆఫ్ వార్డ్సు స్వీకరించింది. దత్తపుత్రుడు తన హక్కు కోసం దావా వేశారు. ఆ వ్యాజ్యం లండనులోని ప్రీవీ కౌన్సిలు, అంటే అప్పట్లో భారతదేశానికి చిట్టచివరి అప్పీలు న్యాయస్థానం, దాకా వెళ్లింది. న్యాయవాదులు నేటికీ చదివే ఆ తీర్పు పేరులో ప్రతివాది స్థానంలో బాలుని పేరు ఉండదు, కోర్టు ఆఫ్ వార్డ్సు అని మాత్రమే ఉంటుంది. పంపకం లేకుండా ఒక్కరికే సంక్రమించే అవిభాజ్య జమీందారీని, దానికి విరుద్ధమైన ఆచారమేదీ రుజువు కానప్పుడు, యజమాని వీలునామాతో ఇష్టమొచ్చిన వారికి ఇవ్వవచ్చునని 1899లో ప్రీవీ కౌన్సిలు నిర్ణయించింది. ఆ తీర్పు వచ్చేనాటికి సూర్యారావుకు ఇంకా 14 ఏళ్లు నిండలేదు. ఏళ్ల తరబడి సముద్రాలు దాటి వ్యాజ్యం నడిపే శక్తి, ఓపిక ఒక పసివాని బంధువులకు ఉంటాయని ఆశించలేము; ఈ ఒక్క విషయంలో సంస్థ తన పేరు నిలబెట్టుకున్నది. 21 ఏళ్లు నిండిన 1906లో ఎస్టేటు ఆయనకు దక్కింది. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆయన పోషణలో వెలువడిందని తెలుగువారికి తెలుసు. చిన్ననాటనే తండ్రిని పోగొట్టుకున్న ఆ రాజావారు కాకినాడలో అనాథ శరణాలయం స్థాపించారన్న సంగతిని కూడా అంతగానూ తలచుకోవాలి.

ఎస్టేటుతో పాటు బాలుణ్ని కూడా ఆ సంస్థ తన ఇష్టప్రకారం పెంచేది. మద్రాసులోని న్యూయింగ్టన్ అనే భవనంలో మైనరు జమీందారుల కోసం నివాస విద్యాలయం ఉండేది. తల్లికి, ఊరికి, భాషకు దూరంగా, ఇంగ్లీషు దొరల పెంపకంలో ఆ పిల్లలు పెరిగేవారు. 1919 అక్టోబరులో అక్కడి ప్రిన్సిపాలు డి లా హే రాత్రివేళ తుపాకీ కాల్పులకు బలికాగా, ఒక మైనరు జమీందారును నిందితునిగా విచారించి చివరకు నిర్దోషిగా విడిచిపెట్టారు. ఎస్టేటు లెక్కలు ఎంత బాగా రాసినా, పెంపకం లెక్క వేరని ఆ ఉదంతం చాటింది.

పెళ్లి హక్కును అమ్ముకోవడం ఇంగ్లండు ప్రభువుల దుర్మార్గమేనని అనుకుంటే పొరపాటు. ఆడపిల్ల తండ్రి వరుని వద్ద సొమ్ము తీసుకొని పిల్లను ఇచ్చే కన్యాశుల్కం తెలుగు జిల్లాల్లో బలంగా ఉండేది. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన ఇటువంటి పెళ్లిళ్ల పట్టిక రాయించగా, అసంపూర్ణమైన ఆ పట్టికలోనే 1,034 పెళ్లిళ్లు తేలాయని గురజాడ అప్పారావు 1897లో అచ్చయిన కన్యాశుల్కం నాటకపు పీఠికలో నమోదు చేశారు. ఆ పట్టికలో అయిదేళ్ల వయస్సు పిల్లలు 99 మంది, ఏడాది వయస్సు పిల్లలు ముగ్గురు ఉన్నారు. ఏడాది నిండిన బిడ్డకు ధర కట్టిన తండ్రి ఆనాటి చట్టం దృష్టిలో ఆ బిడ్డకు అందరికంటె యోగ్యుడైన సంరక్షకుడే. అలా పెళ్లయి, ఊహ తెలియకముందే భర్తను పోగొట్టుకున్న బాలికల కోసమే కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. సొంత ఊరి పెద్దల కోపం, వెలివేత ఆయన భరించవలసి వచ్చింది.

కోర్టు ఆఫ్ వార్డ్సు జమీందారులకు పరిమితమైతే, సామాన్యుల పిల్లల సంరక్షణను చూసినది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. ఈ చట్టం ప్రకారం జిల్లా కోర్టు మైనరు మేలును బట్టి సంరక్షకుణ్ని నియమిస్తుంది, జాగ్రత్తపరుడు తన సొంత ఆస్తిని ఎలా చూసుకుంటాడో సంరక్షకుడు మైనరు ఆస్తిని అలా చూడాలి, అడిగినప్పుడు కోర్టుకు లెక్క దాఖలు చేయాలి. ఇంత చెప్పిన చట్టమే, తండ్రి బతికి ఉండి అనర్హుడు కానంతవరకు వేరొకరిని నియమించకూడదని, పెళ్లయిన మైనరు బాలిక విషయంలో భర్తే ఆ స్థానంలో ఉంటాడని కూడా రాసింది. భూస్వామ్యపు ఛాయ అక్కడ వదలలేదు.

తండ్రి హక్కు ఎంతవరకు అన్న ప్రశ్న ప్రీవీ కౌన్సిలు ముందుకు మదనపల్లెకు చెందిన తెలుగు కుటుంబం నుంచి వెళ్లింది. జిడ్డు నారాయణయ్య 1910లో తన కుమారులు కృష్ణమూర్తి, నిత్యానందల సంరక్షణను దివ్యజ్ఞాన సమాజ నాయకురాలు అనీ బిసెంటుకు లిఖితపూర్వకంగా అప్పగించి, తరువాత మనస్సు మార్చుకొని 1912లో దావా వేశారు. కృష్ణమూర్తికి 18 ఏళ్లు నిండడానికి కొద్ది వారాల ముందు, 1913 ఏప్రిల్‌లో, మద్రాసు హైకోర్టు తండ్రికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. సంరక్షకత్వం పవిత్రమైన బాధ్యత గనుక తండ్రి దాన్ని తిరిగి తీసుకోలేని విధంగా ఇతరులకు ధారపోయలేడని ప్రీవీ కౌన్సిలు 1914లో అంగీకరించింది. అంగీకరిస్తూనే, ఇంగ్లండులో ఉన్న ఆ యువకుల మేలేమిటో, వారి అభిప్రాయమేమిటో విచారించకుండా ఇచ్చిన ఉత్తర్వు చెల్లదని కొట్టివేసింది. సంరక్షణ ఆస్తి వంటిది కాదని, దాన్ని అమ్మడానికి, బదిలీ చేయడానికి వీల్లేదని స్పష్టంగా చెప్పిన తీర్పుల్లో ఇది ముఖ్యమైనది.

నేడు కొవ్వూరు హిందూ రైతు కుటుంబానికి ప్రత్యక్షంగా వర్తించేది 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం. మైనరుకు విడిగా సంక్రమించిన భూమిని, అనగా వీలునామా, దానం, విభాగం వంటి వాటి ద్వారా అతని పేర వచ్చిన భూమిని, తండ్రి గాని తల్లి గాని కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, అయిదేళ్లకు మించి గాని, మైనరుకు 18 నిండిన తరువాత ఏడాదికి మించి గాని కౌలుకు ఇవ్వకూడదు. అనుమతి లేని అమ్మకాన్ని మైనరు పెద్దవాడయ్యాక మూడేళ్లలోపు దావా వేసి రద్దు చేయించవచ్చు. చట్టం దృష్టిలో సంరక్షకులు కాని పెదనాన్న, మేనమామ వంటి బంధువులకు మైనరు ఆస్తిని అమ్మే అధికారమే లేదు. ఉమ్మడి కుటుంబంలోని అవిభక్త వాటాకు ఈ అనుమతి నిబంధన వర్తించదని, కుటుంబ యజమాని అవసరార్థం చేసిన అమ్మకం వేరే సూత్రాలకు లోబడుతుందని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన వారసత్వ సవరణ అప్పటికి పెళ్లికాని కుమార్తెకు కూడా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఇచ్చింది గనుక, ఆడపిల్ల పేరు దస్తావేజులో వదిలివేయడం కూడా ప్రమాదమే. మాగాణి ఎకరం కొనేవాడు సరిహద్దులు, నీటి బోదె, దారి చూసుకున్నంత శ్రద్ధగా మైనరు వాటా ఉన్నదా, ఉంటే కోర్టు అనుమతి ఉన్నదా అని చూసుకోకపోతే, పదేళ్ల తరువాత వచ్చే దావాకు ఆ పిల్లవాణ్ని తప్పుపట్టడానికి వీల్లేదు.

పోలవరం ప్రాజెక్టు కారణంగా ఈ వయస్సు రేఖ విలువ మరింత పెరిగింది. 2013 భూసేకరణ చట్టం 18 నిండిన వ్యక్తిని పునరావాస లెక్కలో వేరే కుటుంబంగా గుర్తిస్తుంది. కొన్ని నెలల తేడాతో ఒకే ఇంట అన్న వేరే కుటుంబమవుతాడు, తమ్ముడు తల్లిదండ్రుల లెక్కలోనే ఉండిపోతాడు. అమ్మే అధికారం లేని వారి భూమి పరిహారాన్ని నిర్ణీత అథారిటీ వద్ద జమచేసి, వేరే భూమి కొనుగోలులో గాని ప్రభుత్వ పత్రాల్లో గాని పెట్టాలని కూడా ఆ చట్టం చెబుతుంది. గోదావరిలో మునిగే భూమికి బదులు వచ్చే సొమ్ము బిడ్డకు అదొక్కసారే వస్తుంది గనుక, ఈ నిబంధనను అధికారులు అక్షరాలా పాటించాలి.

ఇక తండ్రికే మొదటి పీట అన్న నియమం మెల్లగా కదులుతోంది. తండ్రి తర్వాత తల్లి అన్న చోట, తర్వాత అంటే తండ్రి మరణించాక అని మాత్రమే కాదని, తండ్రి పట్టించుకోనప్పుడు, అందుబాటులో లేనప్పుడు కూడా తల్లి సంరక్షకురాలేనని గీతా హరిహరన్ వ్యాజ్యంలో 1999లో సుప్రీంకోర్టు అర్థం చెప్పింది. 2010లో పార్లమెంటు 1890 చట్టాన్ని సవరించి తండ్రి పక్కన తల్లిని చేర్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక అప్పీలులో, భర్త మరణించాక పునర్వివాహం చేసుకున్న తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు ప్రకటించింది. సంరక్షకుణ్ని కోర్టు నియమించినప్పుడు, ఎస్టేటు కోర్టు ఆఫ్ వార్డ్సులో ఉన్నప్పుడు మైనారిటీ 21 ఏళ్ల దాకా సాగాలన్న 1875 నాటి నిబంధన, జమీందారీలు పోయి యాభై ఏళ్లు గడిచినా పుస్తకంలో ఉండిపోయి, 1999లో గాని తొలగిపోలేదు. కవచం మోసే వయస్సు లెక్క అంతకాలం తండ్రి లేని పిల్లలను వెంటాడింది.

చట్టంలో మిగిలిన పని పెద్దదేమీ కాదు, కాని తప్పనిసరి. తల్లిదండ్రులిద్దరికీ సమానంగా సంరక్షకత్వం ఇవ్వాలని లా కమిషను 2015లో సిఫారసు చేసింది. అయినా 1956 చట్టం ఆరో సెక్షనులో తండ్రి, ఆయన తర్వాత తల్లి అన్న మాటలూ, పెళ్లయిన బాలికకు భర్త సంరక్షకుడన్న మాటలూ ఈనాటికీ అచ్చులో అలాగే ఉన్నాయి.